హాజరు

మా తాతకు ముసలితనంలో ఒక అలవాటుండేది. రాత్రి పదీ పదకొండు మధ్య మంచం మీద లేచి కూర్చుని, వీధి వైపు చూసి "ఉన్నానయ్యా" అనేవాడు. ఎవరూ పిలిచి ఉండరు. ఆ మాట అని మళ్ళీ పడుకునేవాడు. చిన్నప్పుడు మాకది నవ్వులాట. పిల్లలమంతా వరసగా పడుకుని "ఉన్నానయ్యా, ఉన్నానయ్యా" అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం అరిచి నవ్వేవాళ్ళం. ఒకరోజు మా అవ్వ చీపురు తిరగేసింది. అప్పుడు చెప్పింది ఆ మాట వెనక సంగతి.

మాది స్టూవర్టుపురం. ఎరుకల వాళ్ళం. గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి బతికిన మా పెద్దలను తెల్లదొరలు పుట్టుదొంగలని కాగితం మీద రాశారు. సెటిల్‌మెంటు కట్టి అందులో పెట్టారు. దాన్ని సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. రాత్రి పేరు పిలిస్తే పలకాలి. పలకకపోతే ఆ రాత్రి చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా అది ఆ మనిషి నెత్తికే చుట్టుకుంటుంది. మా తాత చిన్నవాడుగా వాళ్ళ నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న మాట అది. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. మాట మాత్రం ఆయన పోయేదాకా ఆయన నోట్లోనే ఉంది.

నన్ను ఎనిమిదో తరగతికి హాస్టల్లో చేర్చడానికి తీసుకెళ్తూ మా నాన్న బస్సులో ఒకే మాట చెప్పాడు. "ఏ ఊరని ఎవరన్నా అడిగితే బాపట్ల దగ్గర అని చెప్పు. ఊరి పేరు ఎత్తమాక." నేను అలాగే చెప్పాను. చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. దాచుకుని బతకడం మా ఇంట్లో తప్పు కాదు, తెలివి. ఈ వ్యాసం ఆ తెలివి గురించే. దాని వల్ల నేను ఇంకొకరికి చేసిన కీడు గురించి కూడా.

హాస్టల్లో నా ట్రంకుపెట్టె పక్కన ఒక యానాది కుర్రాడి పెట్టె ఉండేది. వాడి పేరు ఇక్కడ రాయను. రెండేళ్ళు అన్నానికీ చదువుకీ నిద్రకీ వాడు నా పక్కనే. బొమ్మలు బాగా వేసేవాడు. సగం తరగతికి సైన్సు రికార్డుల్లో కప్పనూ మందారపువ్వునూ వాడే వేసిపెట్టేవాడు. నడక మెత్తన, మాట మెత్తన. "ఆడంగి" అని పిలిచేవాళ్ళు. పిలిచేవాళ్ళలో నేనూ ఉన్నాను. నన్ను ఏ ఊరని ఎవరూ గుచ్చి అడగకుండా ఉండాలంటే అందరూ ఇంకొకణ్ణి చూసి నవ్వుతూ ఉండటమే మంచిదని నాకు ఎవరూ నేర్పకుండానే తెలిసింది.

తొమ్మిదో తరగతిలో, సంక్రాంతి సెలవులకు ముందు, లెక్కలు చూసి రాసుకుందామని వాడి నోటుపుస్తకం తీశాను. చివరి పేజీల్లో పదో తరగతి అబ్బాయి బొమ్మ ఒకటి ఉంది. దాని కింద ఒక ఉత్తరం. పంపని ఉత్తరం. అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. నువ్వు ఊరెళ్తే నాకు అన్నం సయించదు అని ఉంది. నువ్వు కబడ్డీ ఆడుతుంటే నేను చెట్టుకింద కూర్చుని చూస్తాను, నీకు తెలీదు అని ఉంది. అంతే. నేను ఆ పుస్తకం తీసుకెళ్ళి సారుకు ఇచ్చాను.

వాడి మీద నాకు కోపం లేదు. వాడు నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. ఇస్తే సారు మెచ్చుకుంటారనుకున్నాను. మెచ్చుకున్నారు.

మర్నాడు ప్రార్థనలో ఆ ఉత్తరం పైకి చదివారు. పిల్లలు నవ్వారు. తర్వాత బెత్తం. ఆ పదో తరగతి అబ్బాయి తనకేమీ సంబంధం లేదని అందరికీ తెలియాలని, అందరికంటే ముందు వచ్చి చెయ్యి చేసుకున్నాడు. మూడోరోజు వాళ్ళ నాన్న వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసు గది ముందు చాలాసేపు నిలబడ్డాడు. లోపల వాళ్ళు చెప్పింది ఆయనకు అర్థమైనట్టు లేదు. కొడుకు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పోతూ నా దగ్గర ఆగాడు. "ఏం చేశాడు నాయనా మావాడు? దొంగతనమా?" అని అడిగాడు.

ఎరుకల వాణ్ణి నేను. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా "తెలీదు" అన్నాను. వాడు వాళ్ళ నాన్న వెనక తల వంచుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు.

వాడు మళ్ళీ బడికి రాలేదు. ఆ ఏడు నన్ను హాస్టల్ లీడర్ని చేశారు. సాయంత్రం హాజరు తీసుకోవడం నా పని. రిజిస్టరులో వాడి పేరు మీద గీత కొట్టారు. రోజూ ఆ గీత మీద నుంచి వేలు దాటించి తర్వాతి పేరు పిలిచేవాణ్ణి. కొన్నాళ్ళకు రిజిస్టరు మారింది. నేను మరిచిపోయాను.

గుర్తు చేసింది ఉగాండా మనిషి.

2016లో ఎస్టీ విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే విదేశీ విద్య సాయంతో ఇంగ్లాండులో ఏడాది చదువుకోవడానికి వెళ్ళాను. ఉత్తరాన, చలి ఊరు. అక్కడ ఒక చర్చి హాల్లో శనివారాలు శరణార్థులకు భోజనం పెట్టేవారు. మొదట తినడానికే వెళ్ళాను. తర్వాత సిగ్గేసి గిన్నెలు కడగడానికీ వడ్డించడానికీ ఉండిపోయాను. నాతోపాటు గిన్నెలు కడిగేవాళ్ళలో ఒకాయన ఉగాండాలో జాగ్రఫీ టీచరు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. వాళ్ళూ మనలాగే అరటికాయ వండుకుంటారు, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపి తింటారు. కూరలో ఉప్పు చాల్లేదని ఇద్దరం ఒకేసారి అన్నాం. స్నేహం అక్కడ మొదలైంది.

ఒకరోజు రమ్మంటే, రేపు రాలేను, సంతకం పెట్టి రావాలి అన్నాడు. రెండు వారాలకోసారి బస్సెక్కి ఒక ఆఫీసుకు పోవాలి. వరసలో నిలబడాలి. కార్డు చూపించాలి. ఉన్నానని తెలిస్తే పంపేస్తారు. పోకపోతే పట్టుకుపోయి లోపల పెట్టొచ్చు. కొన్నిసార్లు పోయినవాణ్ణి కూడా అక్కణ్ణించే లోపలికి తీసుకెళ్తారట. అందుకని ఆ రోజు సంచిలో మందులూ, ఒక జత బట్టలూ పెట్టుకుని వెళ్ళేవాడు. అతను ఏ నేరమూ చెయ్యలేదు. ఆశ్రయం కావాలని అర్జీ పెట్టుకున్నాడు, అంతే. అర్జీ తేలేదాకా ఉద్యోగం చెయ్యకూడదు. ఉండటానికి వాళ్ళు చూపించిన చోట ఒక గది, తిండికీ బట్టకీ బస్సుకీ అన్నిటికీ కలిపి వారానికి సుమారు 37 పౌండ్లు.

నేను మా తాత గురించి చెప్పాను. "ఉన్నానయ్యా" అన్న మాటను మా భాషలో చెప్పించుకుని, రెండుసార్లు పలికి చూసి నవ్వాడు. ఆ తర్వాత సంతకానికి వెళ్ళొచ్చిన రోజు నాకు ఫోను చేసి ఆ ఒక్క మాటే తెలుగులో అనేవాడు.

ఏం జరిగి వచ్చావని నేను అడగలేదు. మూణ్ణెల్ల తర్వాత తనే చెప్పాడు. అతను మగవాణ్ణి ప్రేమించిన మగవాడు. అక్కడి మాటలో గే. ఇంట్లోవాళ్ళు పెళ్ళి చేశారు, ఒక కూతురు కూడా ఉంది. భార్యకు అన్యాయం చేశానని ఆ మాట దగ్గర ఎప్పుడూ తల దించుకునేవాడు. కంపాలాలో మోటారు సైకిలు టాక్సీ నడిపే ఒకతనితో ఆరేళ్ళ స్నేహం. "వీధిలో ఇరవై బళ్ళు పోతున్నా అతని బండి చప్పుడు నాకు తెలిసేది" అన్నాడు.

2014 ఫిబ్రవరి 24న ఉగాండా అధ్యక్షుడు ముసెవెని కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు. ఇలాంటివాళ్ళకు యావజ్జీవ జైలు. మర్నాడే అక్కడి పత్రిక ఒకటి 200 మంది జాబితా అచ్చేసింది. అంతకు ముందు 2010లో ఇంకో పత్రిక ఇలాగే పేర్లూ ఫోటోలూ వేసి ఉరి తీయమని రాసింది. ఆ ఫోటోల్లో ఉన్న డేవిడ్ కాటో అనే హక్కుల కార్యకర్త, తానూ ఒకప్పుడు బడిపంతులే, ఆ పత్రిక మీద కోర్టులో కేసు వేసి గెలిచాడు. గెలిచిన కొద్ది వారాలకు, 2011 జనవరిలో, ఆయన్ను ఇంట్లోనే కొట్టి చంపారు. కాబట్టి జాబితా అంటే అక్కడ ఏమిటో అందరికీ తెలుసు. నా స్నేహితుడి పేరు ఆ 200 మందిలో లేదు. కానీ బడిలో అతని గదిలోనే ఉండే తోటి టీచరు అతని ఫోను చూసి హెడ్మాస్టరుకు చెప్పాడు. సాయంత్రానికి గది ముందు జనం. పోలీసులు వచ్చి తీసుకెళ్ళడం వల్ల ప్రాణం దక్కింది. ఆ పోలీసులే రెండు రోజులు కొట్టారు. మేనమామ డబ్బు కట్టి విడిపించి, పొలం అమ్మి విమానం ఎక్కించాడు. ఎక్కించి, ఇక నా ఇంటి గడప తొక్కవద్దన్నాడు.

నేను సోషల్ చదివినవాణ్ణి. ఆ చట్టం వేరు ఎక్కడుందో వెతికితే అది మన దగ్గరికే వచ్చింది. ప్రకృతి విరుద్ధమైన కలయిక నేరమని 1860లో బ్రిటిషువాళ్ళు మన శిక్షాస్మృతిలో 377 సెక్షను రాశారు. దాదాపు అవే మాటలతో తమ ఆఫ్రికా వలసల్లోనూ రాశారు. ఇంగ్లాండులో 1967లో ఆ నేరాన్ని చాలావరకు తీసేసుకున్నారు. రాసిపెట్టిన చోట్ల మాత్రం అది ఉండిపోయింది. ఇంకొకటి చదివి నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. నేరస్థ తెగల చట్టం అంటే మా పెద్దలను కట్టేసిన చట్టమనే నాకు తెలుసు. 1871లో అది మొదట ఉత్తర భారతంలో వచ్చింది. అందులో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం తెగల మీద. రెండో భాగం హిజ్రాల మీద. వాళ్ళ పేర్లూ ఆస్తులూ రిజిస్టరులో ఎక్కించాలి. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే, ఆడితే పాడితే, పట్టుకోవచ్చు. 1911లో కొత్త రూపంలో మన మద్రాసు ప్రాంతానికి వచ్చేసరికి అందులో రెండో భాగం లేదు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం హిజ్రాల మీద 1919లో విడిగా అలాంటి చట్టమే చేసుకుంది. 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లో ఉంది.

అంటే పుట్టుకతోనే నేరస్థులని మమ్మల్ని రాసిన పుస్తకంలోనే, పేజీ తిప్పితే, వాళ్ళను కూడా రాశారు. ఆ యానాది కుర్రాడూ నేనూ ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకున్నట్టు. నాకు అది తెలియదు. తెలిసి ఉంటే పుస్తకం ఇవ్వకపోదునా? చెప్పలేను.

నా స్నేహితుడి అర్జీని మొదట తోసిపుచ్చారు. అతన్ని కూర్చోబెట్టి ఐదు గంటలు అడిగారు. నువ్వు ఇలాంటివాడివని ఎప్పుడు తెలిసింది? ఏ నెల? అప్పుడు నీ మనసులో ఏమనిపించింది? అతను టీచరు, కానీ తన మనసు గురించి పరాయివాడి ముందు మాట్లాడటం జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. రెండు ముక్కల్లో జవాబులిచ్చాడు. ఒకచోట మార్చి అని, ఇంకోచోట ఏప్రిల్ అని చెప్పాడు. భార్యా బిడ్డా ఉన్నారు కాబట్టి, నెలలు కలవలేదు కాబట్టి, ఇక్కడికొచ్చాక ఇలాంటివాళ్ళు కలిసే క్లబ్బులకు పోలేదు కాబట్టి నమ్మలేమని రాశారు. పైగా కొత్త చట్టాన్ని 2014 ఆగస్టు 1న అక్కడి కోర్టే కొట్టేసింది కదా అన్నారు. కొట్టేసిన మాట నిజమే. ఓటు వేసిన రోజు పార్లమెంటులో సరిపడా సభ్యులు లేరని కొట్టేసింది, చట్టం తప్పని కాదు. యావజ్జీవం వేసే పాత సెక్షను అలాగే ఉంది.

ఒక మనిషి తానేమిటో కాగితంతో ఎలా రుజువు చేస్తాడు? మన పిల్లలకు ఇది కొత్త కాదు. సర్టిఫికెట్టు కోసం ఆఫీసులో నిలబడితే మీ భాష మాట్లాడి చూపించు, మీ దేవత పేరు చెప్పు అంటారు. చెప్తే నేర్చుకుని వచ్చావంటారు, చెప్పకపోతే నువ్వు కాదంటారు. ప్యాంటు షర్టు వేసుకుంటే గిరిజనుడిలా లేవంటారు. ఆశ్రయం అడిగేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. కొందరు తెగించి పడకగది ఫోటోలూ వీడియోలూ తెచ్చి ఇచ్చుకున్నారు. అలాంటివి సాక్ష్యంగా తీసుకోకూడదని, శరీర పరీక్షలు చెయ్యకూడదని, పడక విషయాలు తవ్వి అడగకూడదని ఐరోపా న్యాయస్థానం 2014 డిసెంబరులో చెప్పాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా చాలాకాలం అనేవారు. సరే నువ్వు అలాంటివాడివే, అయితే మీ దేశం తిరిగిపో, ఎవరికీ తెలియకుండా జాగ్రత్తగా ఉండు, నీకు ప్రమాదం ఉండదు. ఇరాన్ మనిషికి ఒకరికి, కామెరూన్ మనిషికి ఒకరికి ఇలాగే చెప్పారు. వాళ్ళు పోరాడితే 2010 జులై 7న బ్రిటన్ సుప్రీంకోర్టు అది కుదరదని తేల్చింది. హింస భయంతో ఒక మనిషి తనను తాను జీవితాంతం దాచుకోవాల్సి వస్తే, ఆ దాపరికమే అతను ఆశ్రయానికి అర్హుడని చెబుతోందని ఆ తీర్పు సారం. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో స్వలింగ ప్రేమ అన్న మాట లేదు. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒకానొక సామాజిక వర్గానికి చెంది ఉండటం, ఈ ఐదే ఉన్నాయి. ఆ ఐదోదాని కిందే వీళ్ళను గుర్తించడం మొదలైంది.

ఆ తీర్పు గురించి స్నేహితుడి లాయరు నాకు చెబుతున్నప్పుడు నాకు బస్సులో మా నాన్న గుర్తొచ్చాడు. ఊరి పేరు ఎత్తమాక. మా నాన్న ప్రేమతో చెప్పాడు. చెప్పకపోతే గది అద్దెకు దొరకదు, ఎక్కడ ఏది పోయినా నన్నే చూస్తారు. నిజమే. కానీ దాచుకున్నవాడికి ఎప్పుడూ రెండు పనులు. ఒకటి తనది దాచడం. రెండు, జనం చూపు ఇంకెవరి మీదికో తిప్పడం. మొదటి పని నన్ను తిన్నది. రెండో పని ఆ కుర్రాణ్ణి తిన్నది.

అప్పీలుకు స్నేహితుల సాక్ష్యం కావాలన్నారు. లాయరు నన్ను అడిగింది. నేను రెండు వారాలు తప్పించుకు తిరిగాను. నా వీసాకు ఏమన్నా అవుతుందేమోనని ఒక భయం. నన్నూ అలాంటివాడనుకుంటారేమోనని రెండో భయం. ఇంటి దగ్గర మేనరికం సంబంధం మాట్లాడి ఉన్నారు. శనివారాలు హాలుకు పోవడం మానేశాను. అతను ఏమీ అనలేదు. సంతకం పెట్టొచ్చిన రోజు మామూలుగానే ఫోను చేసి "ఉన్నానయ్యా" అన్నాడు.

ఆ రాత్రి నేను అతని గదికి వెళ్ళాను. నిన్ను పట్టించిన ఆ తోటి టీచరు మీద నీకు కోపం లేదా అని అడిగాను. అతను భయపడ్డాడు, చెప్పకపోతే తనూ అలాంటివాడే అనుకుంటారని భయపడ్డాడు అన్నాడు. కోపం లేదని మాత్రం అనలేదు. అప్పుడు నేను నోటుపుస్తకం సంగతి చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. టీ పెట్టాడు. తర్వాత ఆ కుర్రాడి పేరేంటి అని అడిగాడు. చెప్పాను. ఇంటిపేరు? నాకు గుర్తు రాలేదు. ఏడాది పాటు రోజూ నేను దాటేసిన పేరు, ఇంటిపేరుతో సహా గీత కింద రాసి ఉన్న పేరు, గుర్తు రాలేదు. ఎక్కడున్నాడు? తెలీదు. "అతనికి ఏ దేశం ఆశ్రయం ఇస్తుంది?" అన్నాడు. నన్ను నొప్పించాలని అన్నట్టు లేదు. జాగ్రఫీ టీచరు అడిగినట్టు అడిగాడు.

2017లో కోర్టులో నిలబడ్డాను. ఇతను అలాంటివాడని నీకెలా తెలుసు అని అవతలి పక్షం అడిగింది. వీధిలో ఇరవై బళ్ళు పోతున్నా ఆ ఒక్క బండి చప్పుడు తెలిసేదని చెప్పినప్పుడు ఇతని మొహం చూశాను, అలాంటిది నేర్చుకుని చెప్పలేరు అన్నాను. నెల తర్వాత తీర్పు వచ్చింది. ఐదేళ్ళు ఉండటానికి అనుమతి ఇచ్చారు. ఆ రోజు ఏడ్చాడు. ఆ బండి మనిషి ఎక్కడున్నాడో అతనికి అప్పటికీ తెలియదు.

విమానం ఎక్కడానికి పొలం ఉన్నవాడి కథ ఇది. లేనివాళ్ళు బస్సెక్కి పక్కనున్న కెన్యాకు పోయారు. ఉత్తరాన ఎండిపోయిన తుర్కానా నేల మీద, 1992లో పెట్టిన కకూమా శరణార్థి శిబిరంలో ఎదురుచూశారు. ఆ కెన్యాలో కూడా ఇదే నేరానికి 14 ఏళ్ళ జైలు. ఆ చట్టం చెల్లుతుందని 2019లో అక్కడి హైకోర్టు చెప్పింది. శిబిరంలో తోటి శరణార్థులే కొట్టిన సంగతులు, గుడిసెలు తగలబెట్టిన సంగతులు బయటికొచ్చాయి. పారిపోయి వచ్చినవాళ్ళ మధ్యన కూడా పారిపోవాల్సినవాళ్ళు ఉంటారు. మన హాస్టళ్ళ గురించి నేను అనుకునేది కూడా ఇదే.

నేను తిరిగొచ్చి గిరిజన గురుకులంలో టీచరునయ్యాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షనును పెద్దవాళ్ళ పరస్పర ఇష్టం విషయంలో కొట్టేసింది. ఇంగ్లాండు నుంచి అతనే ముందు ఫోను చేసి చెప్పాడు. ఆ తీర్పులో జస్టిస్ ఇందు మల్హోత్రా, ఈ మనుషులకూ వాళ్ళ కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పాలని రాశారు. ఆ మాట చదివినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకున్న ఆ తండ్రే కళ్ళముందు నిలబడ్డాడు. చరిత్ర సంగతి తర్వాత. ఆయనకు నేను బాకీ ఉన్నాను. రెండు వేసవి సెలవుల్లో ఆ వైపు ఊళ్ళు తిరిగాను. రొయ్యల చెరువుల దగ్గర పనికి పోయారని ఒకరు, చెన్నై పోయారని ఒకరు చెప్పారు. దొరకలేదు.

2023 మేలో ఉగాండాలో మళ్ళీ చట్టం వచ్చింది. ఈసారి కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా ఉంది. 2024 ఏప్రిల్ 3న అక్కడి రాజ్యాంగ కోర్టు దాన్ని చాలావరకు నిలబెట్టింది. కొన్ని సెక్షన్లు మాత్రం కొట్టేసింది. వాటిలో ఒకటి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలనే సెక్షను. ఇంకొకటి ఇలాంటివాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళను శిక్షించే సెక్షను. మిగతాదంతా ఉన్నా ఆ చెప్పితీరాలనే సెక్షను పోయిందని స్నేహితుడు ఫోనులో అన్నప్పుడు ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. నాకు ఏ సెక్షనూ లేకుండానే నేను చెప్పాను.

తోటి టీచర్లకు నేను చెప్పదలచుకున్నది పెద్దదేమీ కాదు. మన దేశం శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. పెట్టినా, ఊళ్ళోంచి, హాస్టల్లోంచి వెళ్ళగొట్టిన మన పిల్లవాడికి దాటడానికి సరిహద్దు లేదు, అర్జీ పెట్టడానికి కిటికీ లేదు. వాడికి ఆశ్రయం ఇవ్వగలిగింది ఆ బడీ, ఆ గదీ, పక్క ట్రంకుపెట్టెవాడే. పిల్లల ఉత్తరాలు ప్రార్థనలో చదవొద్దు. నడక చూసి పేరు పెడితే నవ్వొద్దు. ఏదన్నా తెలిస్తే తల్లిదండ్రులకు కబురు పెట్టేముందు ఆ పిల్లవాణ్ణి అడగండి, నీకు ఇంటి దగ్గర భయం ఉందా అని. ఎవరన్నా కొడుతున్నారా, బలవంతం చేస్తున్నారా అన్నది వేరే సంగతి, అది తప్పకుండా పట్టించుకోవాలి. కానీ ఒకడి మనసులో ఎవరున్నారన్నది హాజరు పట్టీలో రాసే విషయం కాదు. గీత కొట్టడం సులువు. ఆ పిల్లవాడు తర్వాత పదో తరగతి రాయడు. వాడి తమ్ముణ్ణి కూడా వాళ్ళ నాన్న బడికి పంపడు.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రాత్రి చదువు వేళ నా దగ్గరికొచ్చి ఒక నోటుపుస్తకం బల్ల మీద పెట్టాడు. "సార్, చివరి పేజీ చూడండి" అన్నాడు. అది అతనిది కాదు. అతని మొహంలో ఏముందో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నా మొహంలో ఉన్నదే.

చూడలేదు. "ఇది నీ పుస్తకమా?" అన్నాను. "కాదు సార్." "ఎవరిదో వాళ్ళ పెట్టెలో పెట్టేసి రా. తీసినట్టు ఎవరికీ చెప్పకు. తర్వాత నా దగ్గరికి రా." వాడు వెళ్ళొచ్చాడు. వాడికేదో భయం ఉండి ఉంటుందని, వాడి భయమేంటో అడిగాను. మొదట ఏమీ లేదన్నాడు. తర్వాత ఏడ్చాడు. వాళ్ళ అమ్మ పందులు కాస్తుందని ఎవరికీ తెలియకూడదట. "మా అమ్మా కాసింది" అన్నాను. "మాది స్టూవర్టుపురం."

ఆ ఊరి పేరు బడిలో నేను పైకి అనడం అదే మొదటిసారి. వాడు ముక్కు తుడుచుకుని, "మాదీ సార్" అన్నాడు.

తొమ్మిదిన్నరకు హాజరు తీసుకున్నాను. ఆ నోటుపుస్తకం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. పేర్లన్నీ పిలిచాను. అందరూ పలికారు.